ప్రైవేటు నంబరు

గేటు మూయకుండా సిగ్నల్ పడదు.
పద్నాలుగేళ్ళుగా ఆమదాలవలస దాటాక నా గేటు.
స్టేషన్ మాస్టరు ఫోన్లో అడుగుతాడు,
నేను మూసి, తాళం తిప్పి,
కాగితం మీది రెండంకెల నంబరు చెప్తాను.
అప్పుడే నమ్ముతాడు.
ఒట్టి మాట మీద బండి నడవదు.

ఇల్లు కొనడమూ ఇంతేనని
నలభై రెండో ఏట తెలిసింది.

సనపల తవిటినాయుడుగారి ఇల్లు:
రెండు గదులు, వంటిల్లు, పెరట్లో ఒక బొప్పాయి,
మూతబడ్డ పంచదార మిల్లు వైపు తెరుచుకునే కిటికీ.
ఆయనకి డబ్బు పడాలి, అప్పుడు సంతకం.
బ్యాంకుకి సంతకం పడాలి, అప్పుడు డబ్బు.
పైగా ఆ ఇంటి కాగితాలు
ఇంకో బ్యాంకు బీరువాలో పడుకుని ఉన్నాయి,
జీడిపప్పు బట్టీ పెట్టి మునిగిన బాకీ కింద.

లాయరు పాణిగ్రాహిగారు ముప్పై ఏళ్ళ ఈసీ తీయించారు.
ఆ ముప్పై ఏళ్ళలో ఇల్లు
రెండుసార్లు అమ్ముడుపోయింది,
ఒకసారి అన్నదమ్ముల మధ్య చీలింది,
కాశీబుగ్గలో ఉన్న ఒక చెల్లెలి వేలిముద్ర కోసం
పదకొండు నెలలు ఆగింది.
నేను గోడలే కొంటున్నాననుకున్నాను.

మా ఆయనకి ఆదాయం ఉంది, రుజువు లేదు.
ఆటోకి పే స్లిప్పు ఎవరిస్తారు?
అందుకే ప్రతి పేజీ కిందా నేనే,
దమయంతి, దమయంతి, దమయంతి,
ఎవరీవిడ అని నాకే అనిపించేదాకా.

బుధవారం పొద్దున గూడ్సు వెళ్తుండగా
ఫోను వణికింది.
మీ ఖాతాలో పదహారు లక్షల నలభై వేలు విడుదలైనవి.
నా ఖాతా అంటే, నా బాకీ ఖాతా.
సగం పైన నాయుడుగారి బ్యాంకుకి పోయింది, ఆయన అప్పు తీరింది.
మిగతాది ఆయన పేరున డీడీ.
పాత కాగితాలు ఆ బీరువా నుంచి ఈ బీరువాకి
ఫీల్డాఫీసరు షకీలా సంచిలో వెళ్ళాయి.
అంత డబ్బు ఊళ్ళో తిరిగింది,
నా వేలికి తడి కూడా అంటలేదు.

మధ్యాహ్నం రిజిస్ట్రారాఫీసులో
మా టోకెను పదిహేడు.
పదహారు దగ్గర సర్వరు ఆగిపోయింది.
బల్లల మీద అందరం సాయంత్రం దాకా కూర్చున్నాం,
రైటరు వేరుశెనక్కాయలు పంచాడు.
"రేపు రండి."
షకీలా డీడీని ఫైల్లో పెట్టి జిప్పు లాగింది.
"మరి వడ్డీ?" అన్నాను.
"ఇవాళ్టి నుంచేనండీ."
రోజుకి మూడువందల ఎనభై రెండు.

ఆ రాత్రికి
నాయుడుగారికి బాకీ లేదు, ఇల్లుంది.
నాకు బాకీ ఉంది, ఇల్లు లేదు.

డ్యూటీకి వెళ్తూ సైకిలు ఆ వీధిలోకి తిప్పాను.
గుమ్మంలో బీడీ వెలుగు.
"ఏటమ్మా, పారిపోతాననీసి సూడ్డానికొచ్చినావా?"
"అవునండీ."
ఆయన కాసేపు ఏమీ అనలేదు.
లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చాడు.
"ఇప్పుడే అట్టుకుపో. మోటారు తడిబడితే ఆడదు,
సిచ్చి పైన గుడ్డ కప్పీ."
చెయ్యి చాపబోయాను.
పద్నాలుగేళ్ళ అలవాటు, వెనక్కి లాక్కున్నాను.
"రేపండీ. సంతకమయ్యాక."
"పోనీలే," అన్నాడు, కొంచెం చిన్నబోయి.

రెండుంబావుకి ఫోను మోగింది.
గేటు దించాను, తాళం తిప్పాను, నంబరు చెప్పాను.
రోడ్డు ఆగిపోయింది.
పట్టా ఇంకా పలకలేదు.
అవతల ఇటుకల లారీ ఒక్కటి ఇంజను ఆపుకుంది.

"మాస్టరుగారూ,
నేను నంబరిచ్చేక మీరు సిగ్నల్ ఇవ్వకపోతే?"
అటునుంచి ఆవలింత.
"ఏటవుతాది తల్లీ,
లారీవోడు హారను కొడతాడు."

కొట్టాడు.